మోనే తోటకి సైకిల్, టెంట్‌తో: అపోహలు - వాస్తవాలు

పారిస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లని, సెలవులకి ఇండియా నుంచి వచ్చేవాళ్లని సైకిళ్ల మీద జివెర్నీకి తీసుకెళ్తుంటాను. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1883 నుంచి 1926లో చనిపోయేదాకా ఉన్న ఊరు, ఆయన చిత్రాల్లో కనిపించే కలువల చెరువు ఉన్నది అక్కడే. బయల్దేరే ముందు అందరి టెన్షన్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా.

అపోహ: బాగా తొక్కే అలవాటు ఉంటేనే వెళ్లగలం.

పారిస్‌కి 75 కిలోమీటర్ల దూరం ఉన్న మాట నిజమే, కానీ అదంతా తొక్కాలని రూలేమీ లేదు. పారిస్‌లో సాన్ లజార్ స్టేషన్లో రైలెక్కితే కొంచెం అటూ ఇటూగా ముప్పావు గంటలో వెర్నాన్‌లో దిగుతారు, అక్కడ సేన్ నది వంతెన దాటి కుడివైపు తిరిగితే తోట ఐదు కిలోమీటర్లు, చాలామటుకు పాత రైలు కట్ట మీద వేసిన సైకిల్ బాటే, పిల్లలు కూడా తొక్కేస్తారు. సైకిల్ లేనివాళ్లకి స్టేషన్ దగ్గరే అద్దెకి దొరుకుతుంది. సొంత సైకిల్ తెచ్చేవాళ్లు మాత్రం తాము ఎక్కబోయే రైల్లో దానికి చోటు ముందే బుక్ చేయాలేమో చూసుకోండి. లేదు, పారిస్ నుంచే తొక్కుతామంటారా, నది మెలికలు తిరుగుతూ పోతుంది కాబట్టి ఆ 75 బాగా పెరుగుతుంది, దార్లో లా రోష్ గుయాన్ అనే ఊరి దగ్గర సుద్దరాతి కొండలు కూడా ఉన్నాయి, రెండు రోజులు పెట్టుకోండి.

అపోహ: నది ఒడ్డున ఎక్కడ పడితే అక్కడ టెంట్ వేసుకోవచ్చు.

కుదరదు. ఫ్రాన్స్‌లో స్థలం యజమాని ఒప్పుకోవాలి, పైగా రక్షిత ప్రాంతాల్లో, చారిత్రక కట్టడాల చుట్టూ నిషేధం, ఈ లోయలో అలాంటివి బోలెడు. వెర్నాన్ పరిసరాల్లో క్యాంపింగ్ స్థలాలున్నాయి, డబ్బు కట్టి వాటిలోనే ఉండండి, జులై, ఆగస్టుల్లో ముందే బుక్ చేయండి. టెంట్ వేసి సామాను అక్కడ పెట్టాకే తోటకి వెళ్లండి, సైకిల్‌ని, పెద్ద బ్యాగుల్ని లోపలికి తీసుకెళ్లే వీల్లేదు. స్టవ్ తెచ్చేవాళ్లకి ఇంకో మాట: గ్యాస్ డబ్బా విమానంలో ఒప్పుకోరు, ఇక్కడ కొనాల్సిందే, కానీ మర తిప్పేవీ నొక్కి బిగించేవీ రెండు రకాలుంటాయి, మీ స్టవ్‌కి ఏది పడుతుందో ఇంట్లోనే చూసుకోండి. మే నెలలో కూడా తెల్లవారుజామున బాగా చలి.

అపోహ: ఎప్పుడెళ్లినా కలువలు పూసే ఉంటాయి.

తోట తెరిచేదే ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 1 వరకు. ఏప్రిల్‌లో తులిప్‌లు, మేలో ఐరిస్‌లు, చెరువు మీద ఉన్న జపనీస్ వంతెనకి విస్టీరియా తీగ పూలు. కలువల కోసమే అయితే జులై నుంచి సెప్టెంబర్ మధ్య రండి.

అపోహ: అంతా ఆయన వదిలి వెళ్లినట్టే ఉంది.

ఇది విన్నప్పుడు నాకు కాస్త నవ్వొస్తుంది. ఆ చెరువే సహజమైంది కాదు. 1893లో స్థలం కొని, పక్కనున్న ఎప్ట్ నది పాయ నుంచి నీళ్లు మళ్లించి తవ్వించాడు, ఈ వింత మొక్కలు నీళ్లని పాడుచేస్తాయని ఊళ్లోవాళ్లు గొడవ కూడా చేశారు. ఆయన పోయాక, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తోట అడివైపోయింది. 1966లో కొడుకు మిషెల్ చనిపోయి ఆస్తి ఫ్రెంచ్ లలితకళల అకాడమీకి వెళ్లాక, డెబ్బైల చివర్లో చెరువు మళ్లీ తవ్వి, వంతెన మళ్లీ కట్టి 1980లో జనానికి తెరిచారు. ఇంట్లో గోడలకున్న ఆయన చిత్రాలు నకళ్లు. ఆయన సేకరించిన జపాన్ ముద్రణ చిత్రాలు మాత్రం అసలువే, వాటి ముందు ఆగండి. పెద్ద కలువల చిత్రాలు చూడాలంటే పారిస్‌లో ఒరాంజెరీ మ్యూజియానికి వెళ్లాలి.

అపోహ: తోట చూసేస్తే అయిపోయినట్టే.

నన్నడిగితే సైకిల్ అసలు పనికొచ్చేది ఇక్కడే. బస్సులో వచ్చినవాళ్లు తోట చూసి మళ్లీ బస్సెక్కుతారు, కానీ ఆయన గడ్డివాములు గీసింది ఇంటి పక్క పొలాల్లో, 1891లో పోప్లార్ చెట్ల వరస గీసింది కాస్త దూరంలో లిమెట్జ్ దగ్గర ఎప్ట్ ఒడ్డున. ఆ చెట్లని కలప కోసం వేలం వేస్తుంటే, చిత్రాలు పూర్తయ్యేదాకా కొట్టొద్దని కలప వ్యాపారికి డబ్బిచ్చి ఆపించాడు. దగ్గర్లోనే టెంట్ ఉంది కాబట్టి రైలు టైం గోల లేకుండా, తోట మూసేశాక ఎండ వాలే వేళకి అటు తొక్కొచ్చు. ఆ రోడ్డు మీద కార్లు తిరుగుతాయి, సైకిల్‌కి లైట్లు పెట్టుకోండి.