ఫారెస్ట్ విగ్రహం వెనక ఫోర్ట్ పిల్లో

అమెరికాలో తీసేసిన కాన్ఫెడరేట్ విగ్రహాలను, అంటే అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడినవాళ్ల విగ్రహాలను, మళ్లీ నిలబెట్టాలన్న వాదన తిరిగి ఊపందుకుంది. వాషింగ్టన్‌లో 2020లో నిరసనకారులు కూలదోసిన దక్షిణాది జనరల్ ఆల్బర్ట్ పైక్ విగ్రహం 2025లో మళ్లీ దిమ్మె ఎక్కింది. ఈ గొడవ ఎప్పుడు లేచినా నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్ పేరు రాకుండా పోదు. 1861లో మామూలు సిపాయిగా దక్షిణాది సైన్యంలో చేరి, అశ్విక దళాలను నడిపి, లెఫ్టినెంట్ జనరల్ దాకా ఎదిగినవాడు. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి దక్షిణాది రాష్ట్రాలు విడిపోవడంతో వచ్చిన ఆ అంతర్యుద్ధం 1865లో వాటి ఓటమితో ముగిసింది. యుద్ధంలో ఆయన కింద 29 గుర్రాలు కూలాయని అభిమానులు ఇప్పటికీ లెక్క చెప్పుకుంటారు. కానీ ఆయన్ని తూచాల్సిన రోజు 1864 ఏప్రిల్ 12.

టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరానికి ఎగువన, మిసిసిపీ నది ఒడ్డున ఎత్తైన గట్టు మీద మట్టికట్టలతో కట్టిన చిన్న కోట ఫోర్ట్ పిల్లో. లోపల ఉత్తరాది సైనికులు దాదాపు 600 మంది. సగం మంది నల్లవాళ్లు, వాళ్లలో చాలామంది నిన్నమొన్నటి దాకా బానిసలు. మిగతావాళ్లు ఎక్కువగా టెనెసీ తెల్లవాళ్లే. సొంత గడ్డకు ఎదురుతిరిగారని వాళ్లమీదా ఫారెస్ట్ మనుషులకు కసి ఉంది. ఫారెస్ట్ బలగం రెట్టింపును మించి ఉంది.

ఉదయమే కోట అధికారి మేజర్ బూత్ గుండు తగిలి చనిపోయాడు. మధ్యాహ్నం ఫారెస్ట్ తెల్లజెండాతో కబురంపాడు: లొంగితే యుద్ధఖైదీలుగా చూస్తాను, కాదంటే మీవాళ్లకు ఏమైనా నాది పూచీ కాదు. బూత్ స్థానంలోకి వచ్చిన మేజర్ బ్రాడ్‌ఫర్డ్ లొంగేది లేదన్నాడు. ఫారెస్ట్ సైనికులు కందకంలో దిగి, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గట్టు దాటారు. ఇక కోట చేజిక్కడానికి ఎంతోసేపు పట్టలేదు.

అసలు ఘోరం అప్పుడు మొదలైంది. తుపాకులు పారేసినవాళ్లను, గట్టు దిగి నది వైపు పరుగెత్తినవాళ్లను కాల్చి చంపారు. ఫారెస్ట్ దండులోనే ఉన్న సార్జెంట్ అకిలీస్ క్లార్క్ రెండు రోజుల తర్వాత అక్కచెల్లెళ్లకు ఉత్తరం రాశాడు. నల్ల సైనికులు పరుగెత్తుకొచ్చి మోకాళ్ల మీద పడి, చేతులెత్తి ప్రాణాలు దక్కించమని ఏడిస్తే, లేచి నిలబడమని చెప్పి మరీ కాల్చారన్నాడు. మనిషి నెత్తురు మడుగులు కట్టిందన్నాడు. తానూ ఇంకొందరూ ఆపబోతే, కుక్కల్ని కాల్చినట్టు కాల్చమని ఫారెస్టే ఆజ్ఞ ఇచ్చాడని రాశాడు. ఓడినవాళ్ల ఆరోపణ అయితే అనుమానించొచ్చు. ఇది గెలిచిన పక్షం సైనికుడు ఇంటికి రాసుకున్న మాట.

ఫారెస్ట్ సొంత నివేదిక ఉంది. నది 200 గజాల మేర చచ్చినవాళ్ల నెత్తుటితో ఎర్రబడిందని పైవాళ్లకు రాశాడు. నల్ల సైనికులు దక్షిణాదివాళ్లకు సాటి రారని ఉత్తరాదికి దీంతో తెలిసొస్తుందని ఆశపడ్డాడు కూడా. ఆయన వైపు చనిపోయింది 14 మంది. కోటలోని తెల్లవాళ్లలో మూడోవంతు దాకా పోతే, నల్లవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు పోయారు.

సమర్థించేవాళ్ల వాదన: కోట మీద జెండా దించలేదు, పారిపోతూ కూడా కొందరు కాల్చారు. ఫారెస్ట్ కత్తి దూసి మధ్యలోకి రాకపోతే ఒక్కడూ మిగిలేవాడు కాదని దక్షిణాది సైన్యపు వైద్యుడు కాల్డ్‌వెల్ భార్యకు రాశాడు. అదే ఉత్తరంలో, అంత భయంకరమైన దృశ్యం తానెన్నడూ చూడలేదనీ ఉంది.

యుద్ధం తర్వాత ఫారెస్ట్, నల్లవాళ్లపై హింసకు దిగిన తెల్లవాళ్ల రహస్య ముఠా కూ క్లక్స్ క్లాన్‌కు మొదటి అధినేత అయ్యాడు. 1869లో దాన్ని రద్దు చేయమన్నాడు. 1875లో మెంఫిస్‌లో నల్లవాళ్ల సంఘం సభకు వెళ్లి సామరస్యం గురించి మాట్లాడాడు. మనిషి మారాడనడానికి అభిమానులు చూపించేది ఈ ప్రసంగమే. చివరి రోజుల్లో ఆయన సాగు చేసింది జైలు ఖైదీల చాకిరీతో అన్నది మాత్రం ఆ మాటల్లో వినపడదు. 1877 అక్టోబర్ 29న 56 ఏళ్ల వయసులో మెంఫిస్‌లో చనిపోయాడు.

చనిపోయిన వెంటనే విగ్రహం లేవలేదు. ఎల్మ్‌వుడ్ శ్మశానంలో ఉన్న అస్థికలను 1904లో తవ్వి మెంఫిస్‌లోని ఒక పార్కుకు తెచ్చి, 1905లో పైన గుర్రం మీది ఫారెస్ట్‌ను నిలబెట్టారు. ముగ్గురు నల్ల కిరాణా వ్యాపారులను మూక చంపింది, ఆ హత్యలను ఎండగట్టిన నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ పత్రికను ధ్వంసం చేసింది ఆ ఊళ్లోనే, అంతకు 13 ఏళ్ల ముందు. యుద్ధానికి ముందు ఫారెస్ట్ మనుషుల్ని అమ్మిన ఆడమ్స్ వీధిలో 1955లో ఒక ఫలకం పెట్టారు. వ్యాపారాలతో ధనవంతుడయ్యాడని దానిమీద రాసి, ఏం వ్యాపారమో రాయలేదు. బానిసల సంత అని చెప్పే కొత్త ఫలకం వచ్చింది 2018లో.

అంతకు కొన్ని నెలల ముందే, 2017 డిసెంబర్‌లో, నగరం ఆ పార్కును 1,000 డాలర్లకు ఒక సంస్థకు అమ్మేసి విగ్రహం దించింది. ప్రభుత్వ స్థలాల్లోని స్మారకాలను ముట్టుకోకూడదన్న రాష్ట్ర చట్టాన్ని దాటడానికి ఇంకో దారి లేకపోయింది. కోపంతో శాసనసభ మెంఫిస్ 200 ఏళ్ల ఉత్సవాలకు ఇవ్వాల్సిన 2,50,000 డాలర్లు కోసేసింది. 2021లో ఫారెస్ట్ అస్థికలను, ఆయన భార్య అస్థికలను టెనెసీలోనే ఉన్న కొలంబియా పట్టణానికి తీసుకెళ్లి లాంఛనంగా పాతిపెట్టారు.

ఫోర్ట్ పిల్లోలో చనిపోయినవాళ్లనూ ఒకసారి తవ్వి తరలించారు. యుద్ధం ముగిశాక వాళ్లను మెంఫిస్ నేషనల్ సెమెటరీకి తెచ్చారు. చాలా రాళ్ల మీద పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి.