నల్లరాయి నిగనిగ

కొత్తగా సున్నం వేసిన గోడ తనమీద పడ్డ వెలుతురులో ముప్పావు వంతుకు పైగా వెనక్కి పంపేస్తుంది. పాలిష్ పట్టిన నల్ల గ్రానైట్ పలక, నిటారుగా పడ్డ వెలుతురులో వెనక్కి పంపేది నూటికి ఐదు పాళ్లు. అయినా తల దువ్వుకోవడానికి పనికొచ్చేది పలకే. గోడ వెలుతురును అన్ని వైపులకూ చల్లేస్తుంది. పలక మాత్రం వచ్చిన కోణంలోనే, వరస చెదరకుండా తిప్పి పంపుతుంది. మెరుపంటే ఆ క్రమమే.

ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసే బ్లాక్ గెలాక్సీ రాయినే చూడండి. కోసిన ముఖం బూడిద రంగులో ఉంటుంది. దానిమీది సన్నని గుంతలూ గరుకులూ వెలుతురును చెదరగొట్టి, లోపలి నలుపును కప్పేస్తాయి. నీళ్లు చల్లితే ఆ గుంతలు నిండి నల్లగా తేలుతుంది, ఆరగానే మళ్లీ బూడిదే. పాలిష్ మిషను ఆ నలుపును శాశ్వతం చేస్తుంది. ముతక బిళ్లతో మొదలుపెట్టి సన్నవాటికి వెళ్తూ, ఒకటి పెట్టిన గీతలను తర్వాతది అరగదీస్తుంది. మన కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. గుంతల లోతు అంతకంటే బాగా తగ్గాక వెలుతురు వాటిని ఇక పట్టించుకోదు. బాగా ఏటవాలుగా చూస్తే గరుకు కూడా అంతగా అడ్డురాదు, సాయంత్రం ఎండకు ఎదురెళ్తుంటే తారురోడ్డు మెరిసేది అందుకే.

ఈ గెలాక్సీ రాయిలో కనిపించే బంగారు చుక్కలు వేరే సంగతి. అవి బ్రాంజైట్ అనే ఖనిజం స్ఫటికాలు. వాటి లోపల ఒకే దిశలో పేర్చినట్టున్న అతి పలుచని రేకులు తగిన కోణంలోనే మెరుస్తాయి, పలకను కాస్త తిప్పితే ఆరిపోతాయి. (ఈ రాయి అసలు గ్రానైటే కాదు, గాబ్రో అనే వేరే రాతి జాతిదంటారు భూగర్భ శాస్త్రజ్ఞులు. బజారు ఒప్పుకోదు.)

తెలివైన పిల్లల్ని సానబెట్టాలంటాం, సరుకు లేని చోట పైపై మెరుగులంటాం. రాళ్ల వ్యాపారంలో రెండూ అక్షరాలా ఉన్నాయి. తక్కువరకం రాయికి నూనో నల్ల రంగో పట్టించి అమ్మేవాళ్లున్నారు. చల్లిన నీళ్లు చేసిన పనే నూనె కూడా చేస్తుంది, కాకపోతే త్వరగా ఆరదు. కొనేముందు దూదిని అసిటోన్‌లో (గోళ్లరంగు తుడిచే ద్రవం) ముంచి ఓ మూల గట్టిగా తుడవండి. దూదికి నలుపు అంటితే ఆ పలక వద్దు.