దేశాల సంపద వెనుక వ్యవస్థలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు ఆర్థిక చరిత్ర బోధించే నాకు ఏటా మొదటి చిక్కు ఒక మాటతోనే వస్తుంది. ‘సంస్థ’ అనగానే వారి మనసులో ఒక కార్యాలయమో, బోర్డో మెదులుతుంది. మా రంగంలో ఆ మాటకు అర్థం వేరు. ఆస్తి ఎవరిది, పన్ను ఎంత, తగాదా వస్తే తీర్చేదెవరు, పాలకుణ్ణి దించేదెలా అన్న విషయాలలో ఒక సమాజం నిజంగా పాటించే కట్టుబాట్లన్నీ అందులోకి వస్తాయి. అందుకే నేను ‘వ్యవస్థ’ అనే మాటను వాడతాను. దేశాల సంపదకు, పేదరికానికి ఇలాంటి వ్యవస్థలే మూలమన్న పరిశోధనకే 2024లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కడంతో చర్చ పత్రికలకెక్కింది, దానితోపాటు కొన్ని అపోహలు కూడా స్థిరపడ్డాయి.

అపోహ: మంచి రాజ్యాంగం రాసుకుంటే సంపద దానంతటదే వస్తుంది.

వాస్తవం: పశ్చిమాఫ్రికాలోని లైబీరియా 1847లోనే అమెరికా రాజ్యాంగాన్ని నమూనాగా తీసుకుని తన రాజ్యాంగాన్ని రాసుకుంది. అయితే అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన కొద్దిమంది వారసుల చేతిలోనే అధికారం ఉండిపోయింది, జనాభాలో అత్యధికులైన స్థానిక తెగలకు శతాబ్దం పాటు ఓటు హక్కు దక్కలేదు. 1878 నుంచి 1980 వరకు ఒకే పార్టీ పాలించింది. 1927 ఎన్నికలలో నమోదైన ఓటర్లు సుమారు 15,000 మంది కాగా, గెలిచిన అధ్యక్షుడికి రెండు లక్షలకు పైగా ఓట్లు పడినట్లు ప్రకటించారు. రాజ్యాంగంలో ఎన్నికల అధ్యాయానికి లోటేమీ లేదు, దానికి కట్టుబడవలసిన అవసరమే పాలకులకు లేకపోయింది.

అపోహ: ఖనిజాలు దొరికితే దేశం బాగుపడుతుంది. లేదా, ఖనిజాలే దేశానికి శాపం.

వాస్తవం: ఈ రెండు మాటలనూ ఒకే మనిషి నోట, ఒకే సాయంత్రం విన్నాను. ఆఫ్రికాలో వజ్రాలు సియెర్రా లియోన్‌లోనూ దొరికాయి, బోట్స్వానాలోనూ దొరికాయి. మొదటి దేశంలో 1991 నుంచి 2002 వరకు సాగిన అంతర్యుద్ధానికి అవి పెట్టుబడి అయ్యాయి. రెండవ దేశం 1966లో స్వతంత్రమైనప్పుడు ప్రపంచంలోని అతి పేద దేశాలలో ఒకటి, తారు రోడ్డు పన్నెండు కిలోమీటర్లకు మించి లేదని చెబుతారు. మరుసటి ఏడాది ఓరాపాలో వజ్రాల నిక్షేపం బయటపడింది. ఆ నేల, దేశ తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా పుట్టిన బమాంగ్వాటో తెగది. భూగర్భ ఖనిజాలపై హక్కు తెగలది కాదని, దేశానిదని అదే 1967లో చట్టం చేసినప్పుడు అందరికన్నా ఎక్కువ వదులుకున్నది ఆయన సొంత తెగే. గని కంపెనీలో ప్రభుత్వ వాటా క్రమంగా సగానికి చేరింది, ఆ రాబడి రోడ్లకు, బడులకు, ఆసుపత్రులకు వెళ్ళింది. అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల జాబితా నుంచి 1994లో తొలిసారిగా బయటపడిన దేశం బోట్స్వానాయే.

ఈ తీరుకు మూలం వలస పాలనకు ముందే ఉంది. అక్కడి ‘ఖోట్లా’ అనే ఊరి సభలో సామాన్యుడు కూడా నాయకుణ్ణి ఎదురుగా విమర్శించవచ్చు. అంతమాత్రాన బోట్స్వానాను స్వర్గంగా చిత్రించే వారితో నేను ఏకీభవించను. అసమానతలు అక్కడ తీవ్రం, కలహరి అభయారణ్యం నుంచి వెళ్ళగొట్టిన ఆదివాసులు 2006లో హైకోర్టుకు వెళ్ళి గెలవవలసి వచ్చింది, ఆర్థిక వ్యవస్థ ఇప్పటికీ వజ్రాల మీదే ఆధారపడి ఉంది. వజ్రాల గిరాకీ పడిపోయిన 2024లో, 58 ఏళ్ళుగా పాలించిన పార్టీ ఎన్నికలలో ఓడింది. తుది ఫలితాలు రాకముందే అధ్యక్షుడు ఓటమిని అంగీకరించాడు.

అపోహ: పేద దేశం ఎదగాలంటే గట్టి నియంత కావాలి.

వాస్తవం: ఈ వాదన చేసేవారు దక్షిణ కొరియాను చూపిస్తారు, 1965 నుంచి 1997 వరకు నియంత మొబుటు ఏలిన జైర్‌ను (నేటి కాంగో) చూపించరు. కొరియా నియంతృత్వంలోనే వేగంగా ఎదిగిందన్నది నిజమే, దానిని దాచనవసరం లేదు. కానీ సైనిక పాలన రాకముందే అక్కడ భూసంస్కరణలు భూస్వాముల పట్టు సడలించాయి, చదువు విస్తరించింది. ఆ తర్వాత ప్రభుత్వం ఇచ్చిన చౌక రుణాలు ఎగుమతుల లక్ష్యాలతో ముడిపడి ఉండేవి. ఉత్తర కొరియాలోనూ గట్టి పాలకుడే ఉన్నాడు, పైగా 1945 నాటికి భారీ పరిశ్రమలు, విద్యుత్తు ఎక్కువగా ఉన్నది ఆ వైపునే.

అపోహ: వ్యవస్థ మంచిదైతే నేల, నీరు లెక్కలోకి రావు.

వాస్తవం: ఈ అపోహ మా రంగంలోని వారిదే, నాకూ చాలాకాలం ఉండేది. జమీందారీ జిల్లాలు స్వాతంత్ర్యం తర్వాత కూడా సాగు దిగుబడిలో, బడులలో, వైద్య సదుపాయాలలో వెనుకబడ్డాయని అఖిల భారత స్థాయి పరిశోధన చూపింది. ఆ లెక్కన, 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్త మండలాలు, అంటే ప్రధానంగా నేటి రాయలసీమ, ముందుండాలి. అక్కడ కంపెనీ అధికారి థామస్ మన్రో, మధ్యలో జమీందారు లేకుండా, రైతుతోనే నేరుగా శిస్తు ఒప్పందం చేసుకున్నాడు, ఆయన మీద అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్న ఊళ్ళున్నాయి. కానీ శిస్తు భారమైనది. దానిని నాలుగోవంతు తగ్గించాలని 1807లో ఆయనే సిఫారసు చేస్తే, పైవారు వినక గ్రామాలను గుత్తకిచ్చే పద్ధతి తెచ్చారు. పట్టా చేతిలో ఉన్నంత మాత్రాన వాన పడదు కదా, 1876-78 కరువు ఈ జిల్లాలను తుడిచిపెట్టింది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన గోదావరి డెల్టా కథ వేరు. అక్కడ చాలా జమీందారీలు అప్పటికే శిస్తు బకాయిల కింద సర్కారు చేతికి వచ్చాయి. అందువల్ల కాలువ నీరు పారిన నేలలో పెద్ద భాగానికి రైతే పట్టాదారు, పెరిగిన పంటలో మిగిలినది చాలావరకు అతనికే దక్కింది. విజయనగరం వంటి పెద్ద జమీందారీలలో మాత్రం 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా రైతు శిస్తు జమీందారు ఠాణాకే, అంటే శిస్తు వసూలు కచేరీకే, చేరేది, చెరువు బాగుచేయించాలా వద్దా అన్న నిర్ణయమూ ఠాణాదే.