ఆఫ్‌బీట్ కామెడీ: అపోహలు - వాస్తవాలు (హార్డ్‌డిస్క్ పట్టుకొచ్చే తమ్ముళ్లకి)

అపోహ: దిక్కుతోచని కుర్రాడి కథకి స్క్రిప్టు అక్కర్లేదు. తోచింది తీసుకుంటూ పోతే ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు.

నేను ఎడిటర్ని. తిరుపతిలో నా సిస్టమ్ ముందుకొచ్చే షార్ట్ ఫిల్ములు ఎక్కువగా మునిగేది ఇక్కడే. అందరూ ఉదాహరణగా చూపించేది 1971 నాటి హాలీవుడ్ సినిమా 'హెరాల్డ్ అండ్ మాడ్'. చచ్చిపోతున్నట్టు నాటకాలాడి జనాన్ని హడలగొట్టే హెరాల్డ్ అనే కుర్రాడి కథ. "దాంట్లో కథేముందన్నా, పిల్లోడు ఊరికే తిరగతా ఉంటాడు" అంటారు. కానీ ఆ స్క్రిప్టు కాలిన్ హిగ్గిన్స్ అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో థీసిస్‌గా రాసుకున్నది. డైరెక్టర్ హాల్ యాష్‌బీ అంతకుముందు ఎడిటింగ్‌కి ఆస్కార్ అందుకున్న మనిషి.

మళ్లీ చూడండి. హెరాల్డ్‌కి పెళ్లి కుదర్చాలని తల్లి వరసగా ముగ్గురమ్మాయిల్ని పిలిపిస్తుంది. మొదటామె ముందు వాడు ఒంటికి నిప్పంటించుకున్నట్టు నటిస్తాడు, రెండోఆమె ముందు చెయ్యి నరుక్కున్నట్టు. ఇద్దరూ హడలిపోతారు. మూడో అమ్మాయి నటి. వీడు కత్తితో పొడుచుకుంటే భయపడకపోగా తనే జూలియట్ డైలాగులు అందుకుంటుంది. మొదటి రెండూ అలా పడబట్టే మూడోది పేలింది. కాగితం మీద తేలని ఆ వరస ఎడిటింగ్‌లో నేను షాట్లు పేర్చే టైమ్‌లైన్‌లో ఎక్కడినుంచి వస్తుంది?

మొన్నొక తమ్ముడు వచ్చాడు. చంద్రగిరి కోటలో హీరో నడక, కపిలతీర్థం మెట్ల మీద హీరో, అలిపిరి రోడ్డులో బైకు మీద హీరో. గంటలకొద్దీ వీపే! ఉద్యోగం మానేశానని వాడు తల్లికి చెప్పే సీను మాత్రం నిజంగా బాగుంది. "అమ్మ క్లోజప్ ఏదిరా?" అన్నా. "ఆయమ్మ ఆ పొద్దు తొందరగా ఎళ్లిపోయిందన్నా." హెరాల్డ్ ఉరేసుకున్నట్టు వేలాడుతుంటే తల్లి తాపీగా ఫోన్ చేసుకుంటుంది చూడండి, నవ్వొచ్చేది ఆమె ముఖం చూసే. తీయని ముఖాన్ని నేను అతికించలేను. అప్పు చేసి తీసినవాణ్ణి కసరడానికి మాత్రం నోరు రాలేదు.

అపోహ: జుట్టు పెంచి, గంజాయి పీలిస్తే కౌంటర్‌కల్చర్, అంటే లోకం తీరుకి ఎదురు తిరగడం. హెరాల్డ్ సూటేసుకుని తిరుగుతాడు. ముందుకు పోదాం.

అపోహ: ఓటీటీలు ఇట్లాంటివే కొంటున్నాయట. ఎవరు చెప్పారంటే ఎవరో చెప్పారంటారు!

అపోహ: ఆడకపోతే బాగాలేనట్టే. ఆ సినిమా కూడా విడుదలప్పుడు ఆడలేదు, 1997లో అమెరికాలో భద్రపరచాల్సిన సినిమాల జాబితా అయిన నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీకెక్కింది. అలాగని ఆడనివన్నీ ఎక్కవు.

ఇప్పటికే తీసేసి దిగులుపడుతున్నవాళ్లు కొత్త సీన్ల జోలికి పోవద్దు. ఉన్నదాన్ని వరసగా పేర్చి, ఎవరి ముఖం లేదో రాసుకోండి. ఆ ఇల్లు, ఆ చీర, ఆ వెలుతురు దొరికితే ఆ ముఖం తీసుకోవడం ఒక్క సాయంత్రం పని. ఆయమ్మకి ముందురోజే ఫోన్ చెయ్యండి.