డిమోర్గాన్ మెరుపు పింగాణీ: బంగారం పూత కాదు, పొగలో పుట్టిన రాగి

విలియం డిమోర్గాన్ (1839–1917) విక్టోరియా కాలంలో లండన్‌లో పనిచేసిన పింగాణీ కళాకారుడు. ఎర్రటి మెరుపుతో ఉండే ఆయన పళ్లేలు, నీలి టైళ్ల ఫొటోలు ఎక్కడ కనిపించినా వాటి కింద అవే తప్పుడు మాటలు వినిపిస్తుంటాయి. బట్టీ పని తెలిసినవాళ్లకు కొన్ని చూడగానే తేడా తెలిసిపోతుంది.

అపోహ: సమితుల పాఠంలో చదువుకున్న డిమోర్గాన్ న్యాయాలు ఈయనవే.

వాస్తవం: అవి తండ్రివి. ఆగస్టస్ డిమోర్గాన్ 1806లో మన మదురైలోనే పుట్టాడు. నెలల పిల్లాడిగా ఉండగానే ఇంగ్లండ్ తీసుకెళ్లారు. 1828లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి తొలి గణిత ప్రొఫెసర్ అయ్యాడు. ఇంకో కొడుకు జార్జ్ 1865లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పెట్టడానికి పూనుకున్నవాళ్లలో ఒకడు. దానికి మొదటి అధ్యక్షుడు తండ్రే. విలియం చెల్లెలు మేరీ పిల్లల కథలు రాసేది. 1877లో వచ్చిన ఆమె మొదటి కథల సంపుటికి బొమ్మలు వేసింది విలియమే.

అపోహ: ఆ మెరుపు బంగారం పూత.

వాస్తవం: బంగారం ఇసుమంతైనా లేదు. ఉన్నది రాగి, వెండి. ఈ మెరుపునే లస్టర్ అంటారు. అరబ్బులు, ఆ తర్వాత స్పెయిన్, ఇటలీ పనివాళ్లు చేసిన పనే. డిమోర్గాన్ మొదట్లో రంగుటద్దాల కిటికీలు చేసేవాడు. అద్దం మీద పసుపు రంగు కోసం వాడే వెండి మిశ్రమం ఒక్కోసారి ఇంద్రధనుస్సులా మెరవడం గమనించి అటు మళ్లాడు.

వస్తువు బట్టీలోకి మూడుసార్లు వెళ్తుంది. మొదట పచ్చి మట్టిని కాల్చాలి. తర్వాత గ్లేజు (కాల్చితే గాజులా మారే పూత) వేసి, సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర మళ్లీ కాల్చాలి. అది చల్లారాక రాగి లేదా వెండి లవణాన్ని దానికి రెండు మూడింతల కావిమన్నుతోనో తెల్లమట్టితోనో కలిపి, కాస్త తుమ్మజిగురు చేర్చి, గ్లేజు మీద కుంచెతో బొమ్మ వేయాలి. మూడోసారి వేడి 600–700 డిగ్రీలు దాటకూడదు. గ్లేజు కరగకూడదు, కొంచెం మెత్తబడితే చాలు. అప్పుడు గాలి దారులు మూసి, చెక్కముక్కలో రంపపు పొట్టో వేసి పొగ పెట్టాలి. ఈలోపు గ్లేజులోని సోడియం స్థానంలోకి రాగి అయాన్లు చేరి ఉంటాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాటి ఆక్సిజన్‌ను లాగేసి, కంటికి కనిపించనంత సన్నని లోహపు కణాలుగా మారుస్తుంది. చల్లారాక బయటికి తీస్తే కనిపించేది మసిబారిన మట్టి పెళ్లలే. వాటిని తడిగుడ్డతో రుద్ది తీసేస్తే కింద మెరుపు బయటపడుతుంది.

చెడిపోయేదీ ఈ మూడో కాల్పులోనే. వేడి ఎక్కువైతే పూసిన మట్టి గ్లేజుకు అంటుకుపోయి గరుకుగా మిగులుతుంది, ఎంత రుద్దినా రాదు. తక్కువైతే బొమ్మంతా మట్టితోపాటే తుడుచుకుపోతుంది. పొగ చాలకపోతే వెండి ఉత్త పసుపు మరకగా ఆగిపోతుంది. పొగ మితిమీరితే రంగు మసకబారుతుంది. అందుకే చిన్న నమూనా ముక్కల్ని బట్టీ కంతలోంచి మధ్యమధ్యలో బయటికి లాగి, గీకి చూస్తారు. ఇంట్లో ప్రయత్నించాలనుకునేవాళ్లకు ఒక మాట: ఆ కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఆరుబయట తప్ప వద్దు. కరెంటు బట్టీలో పొగ పెడితే కాయిల్స్ పాడవుతాయి. డిమోర్గాన్‌కే 1872లో ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ అద్దె ఇంటి పైకప్పు తగలబడి, చెల్సీకి మారాల్సి వచ్చింది.

అపోహ: ప్రతి కుండా ఆయన స్వయంగా సారె మీద చేసిందే.

వాస్తవం: ఆయన సారె ముందు కూర్చున్న కుమ్మరి కాదు. డిజైన్లు, రసాయన మిశ్రమాలు, బట్టీ ప్రయోగాలు ఆయనవి. మొదట్లో బయట తయారైన ఖాళీ టైళ్లు, పళ్లేలు కొని వాటి మీదే రంగులు వేయించేవాడు. ఛార్లెస్, ఫ్రెడ్ పాసెంజర్ సోదరులు పేరున్న చిత్రకారులు. బట్టీ చూసుకున్నది ఫ్రాంక్ ఐల్స్. 1898లో ఈ ముగ్గురూ వ్యాపారంలో భాగస్వాములయ్యారు. దీంతో ఆయన ఘనత తగ్గదు గానీ, వేలంపాటల్లో "స్వహస్తాలతో చేసిన" అన్న మాట వింటే కాస్త ఆగి చూడండి.

అపోహ: రాగి వేస్తే ఆకుపచ్చే వస్తుంది.

వాస్తవం: గ్లేజు ఏదన్నదాన్ని బట్టి. సీసం ఎక్కువున్న గ్లేజులో రాగి ఆకుపచ్చ. సోడియం, పొటాషియం ఎక్కువున్న క్షార గ్లేజులో అదే రాగి మణినీలం. టర్కీలోని ఇజ్నిక్, పర్షియా టైళ్ల నీలం చూసి డిమోర్గాన్ వెంటపడ్డది ఈ రెండోదాని కోసమే. ఊదా రంగు మాంగనీస్‌ది. క్షార గ్లేజుతో చిక్కు ఏమిటంటే, చల్లారేటప్పుడు అది మట్టికంటే ఎక్కువ కుంచించుకుని సన్నగా పగుళ్లు తేలుతుంది. మట్టిలో చెకుముకి పొడి కలిపితే కొంత అదుపులో ఉంటుంది.

అపోహ: ఒకే బొమ్మ అన్ని టైళ్ల మీద ఉందంటే అచ్చు గుద్దినదే.

వాస్తవం: చేత్తో వేసినదే, కాకపోతే టైలు మీద నేరుగా కాదు. అద్దం వెనక మూల చిత్రం పెట్టి, ముందువైపు పల్చటి కాగితం మీద రంగులు వేసేవారు. ఆ కాగితాన్ని తెల్లమట్టి పూత ఉన్న టైలుకు అతికించి, పైన గ్లేజు పొడి కప్పి కాల్చితే కాగితం బూడిదై బొమ్మ మిగిలేది. ఆరోగ్యం కోసం చలికాలాల్లో ఫ్లోరెన్స్‌లో ఉన్న రోజుల్లో, అక్కడి చిత్రకారులతో వేయించిన కాగితాలను లండన్‌కు పంపించగలిగాడంటే ఈ పద్ధతి వల్లే.

అపోహ: పింగాణీతో బాగా గడించాడు.

వాస్తవం: ఖర్చుకు తగ్గ రాబడి ఎన్నడూ లేదు. 1887లో పెళ్లాడిన ఎవెలిన్ పికరింగ్ పేరున్న చిత్రకారిణి. ఆమె డబ్బు కూడా బట్టీలోకే పోయింది. 1907లో పని మూతపడింది. డబ్బు వచ్చింది నవలల మీద. మొదటి నవల 1906లో, ఆయనకు అరవయ్యారేళ్లప్పుడు అచ్చయింది.

అపోహ: పాత లస్టర్ పళ్లెం మసకబారితే చింతపండుతో తోమితే సరి.

వాస్తవం: ఆ పని చేయకండి. మెరుపు పొర మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా ఉండదు. పులుపు, స్టీలు పీచు, డిష్‌వాషర్ మూడూ దానికి హానే. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. గ్లేజులో సీసం ఉండొచ్చు కాబట్టి అందులో అన్నం వడ్డించకండి.