సముద్రం అడుగున చెత్త: అపోహలు – వాస్తవాలు

అపోహ: ప్లాస్టిక్ తేలుతుంది కదా, అడుగుకెలా చేరుతుంది?

అన్నీ తేలవు. మంచినీటి సాంద్రత 1 అయితే సముద్రపు నీటిది సుమారు 1.025. నీళ్ల సీసాలు చేసే పెట్ (PET) ప్లాస్టిక్ 1.38, వలల నైలాన్ 1.14; ఇవి మునిగేవే. మూత బిగించిన సీసా లోపలి గాలి వల్ల తేలుతుంది, మూత ఊడి నీళ్లు నిండితే దిగిపోతుంది. క్యారీబ్యాగుల పాలీఇథిలీన్ తేలికే గానీ, దానిమీద నాచు, గుల్ల కట్టే జీవులు పట్టి బరువెక్కితే అదీ కిందికే.

అపోహ: అదంతా బీచ్‌కి వచ్చిన జనం పడేసిందే.

ఎక్కువమంది నమ్మేది ఇదే, పనిని పక్కదారి పట్టించేదీ ఇదే. చోటును బట్టి చెత్త మారుతుంది. నదీముఖాలు, ఊళ్ల దగ్గర కాలువల్లో కొట్టుకొచ్చిన సంచులు, ప్యాకెట్లు. ఇటలీలోని మెస్సినా జలసంధి దగ్గర సముద్రగర్భ లోయల్లో, కొండవాగుల వరద మోసుకొచ్చిన చెత్త గుట్టలుగా ఉంది. వేట జరిగే చోట వలలు, తాళ్లు. పాత ఓడదారుల్లో ఆవిరి ఓడలు పారబోసిన బొగ్గు చిట్టెం ఇప్పటికీ దొరుకుతుంది. ఓడలు ప్లాస్టిక్‌ను సముద్రంలో వేయకూడదన్న అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్ ఐదో అనుబంధం అమల్లోకి వచ్చిందే 1988 డిసెంబర్ 31న.

అందుకే చెత్త పైకి తీస్తే కిలోలు మాత్రమే రాసి వదిలేయొద్దు. ఒక్క వల వేల రేపర్లకంటే బరువు తూగుతుంది. లెక్కా, తూకం రెండూ రాయాలి. లోతు, జీపీఎస్, ప్యాకెట్‌పై తేదీ, వల అయితే కన్ను కొలత, తాడు మందం కూడా. అడుగున ఈడ్చుకెళ్లే ట్రాల్ వలతో చేసే సర్వేలో చిన్న ముక్కలు కన్నుల్లోంచి జారిపోతాయి, రాళ్లున్న చోట వల లాగలేం. అక్కడ కెమెరాయే దిక్కు.

అపోహ: తెగిపోయిన వల ఇక వేటాడదు.

వేటాడుతుంది. చిక్కి చచ్చిన చేప ఎరగా మారి పీతల్ని రప్పిస్తుంది, అవీ చిక్కుతాయి. తీసేటప్పుడు గుంజితే పగడం విరుగుతుంది. ముక్కలుగా కోయాలి, పగడం పెరిగిన భాగాన్ని చుట్టూ కోసి వదిలేయాలి. డైవర్లు ఇద్దరూ చెరో కత్తెర ఉంచుకోవాలి. వలను ఒంటికి కట్టుకోకూడదు. బరువును పైకి తేల్చే లిఫ్ట్ బ్యాగ్‌లో గాలి కొద్దికొద్దిగా నింపాలి. పైకి వెళ్లేకొద్దీ అది వ్యాకోచించి వేగం పెరుగుతుంది.

అపోహ: లోతుల్లో ప్లాస్టిక్ దానంతటదే కరిగిపోతుంది.

ప్లాస్టిక్‌ను పెళుసుగా మార్చే ఎండ అక్కడికి చేరదు, నీళ్లూ చల్లన. మరియానా అగాధంలో 10,898 మీటర్ల లోతున 1998లోనే ప్లాస్టిక్ సంచి కెమెరాకు చిక్కింది. అంత లోతున ఏరడం సాధ్యం కాదు. మరబోట్ల వలలు తగిలే లోతుల్లో సాధ్యం. కేరళలోని కొల్లంలో 2017 నుంచి ‘శుచిత్వ సాగరం’ కింద వలలో పడిన ప్లాస్టిక్‌ను బోట్లు ఒడ్డుకు తెచ్చాయి, దాన్ని ముక్కలు చేసి రోడ్లకు వాడారు. మన తీరంలో వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. విశాఖ, కాకినాడ, నిజాంపట్నంలో ఆలోపే బోటుకు రెండు గోనెసంచులిచ్చి, హార్బర్‌లో చెత్త దించే చోటు చూపిస్తే ఇక్కడా మొదలుపెట్టొచ్చు.