బొమ్మవైపు రాజు, బొరుసువైపు హుయా

న్యూజిలాండ్ వాళ్ళు కలెక్టర్ల కోసం, అంటే నాణేలు సేకరించేవాళ్ళ కోసం, అమ్మే నాణేల సెట్లు చూశారా? ఏ ఏడాది సెట్ తీసినా అందులో ఏదో ఒక పిట్టో, కప్పో, చేపో ఉంటుంది. ఎగరలేని కాకాపో చిలుక, హామిల్టన్ కప్ప, హెక్టర్ డాల్ఫిన్, కొకోపు అనే మంచినీటి చేప, ఇవన్నీ 5 డాలర్ల నాణేల మీదకి ఎక్కినవే. ప్రకృతి మీద ఎంత ప్రేమో అనిపిస్తుంది. ప్రేమ ఉంది, కాదనను. కానీ ఈ అలవాటు మొదలవడానికి కారణం మాత్రం నాణేల స్మగ్లింగ్.

1933 దాకా అక్కడ ప్రభుత్వం వేసిన సొంత నాణేలు లేవు, ఎక్కువగా బ్రిటన్ నాణేలే వాడేవారు. ఆ ఏడాది జనవరిలో న్యూజిలాండ్ పౌండ్ విలువ తగ్గించారు, 100 బ్రిటిష్ పౌండ్లు కావాలంటే 125 న్యూజిలాండ్ పౌండ్లు ఇవ్వాలి. కానీ చేతిలో ఉన్న బ్రిటిష్ వెండి నాణెం లండన్‌లో ఎప్పటి విలువకే చెల్లుతుంది కదా! దాంతో ఆ నాణేలు గుట్టుగా ఓడలెక్కి పోవడం మొదలైంది, న్యూజిలాండ్‌లోనేమో చిల్లరకి కరువు. అందుకే అదే ఏడాది చట్టం చేసి, సగం వెండి కలిపి సొంత నాణేలు వేయించారు. బొమ్మలు తయారుచేసింది జార్జ్ క్రూగర్ గ్రే అనే ఇంగ్లండ్ కళాకారుడు. రెండు షిల్లింగుల మీద కివి పిట్టని పెట్టారు, ఆరు పెన్నీల మీద హుయా అనే పిట్టని.

ఈ హుయా దగ్గరే నా మనసు ఆగిపోతుంది. నల్లటి పిట్ట, తోక చివర తెల్లటి అంచు. మగదాని ముక్కు పొట్టిగా ఉంటే ఆడదాని ముక్కు పొడుగ్గా కిందకి వంగి ఉండేది, నాణెం మీద ఉన్నది ఆడదే. దాని తోక ఈక అక్కడి ఆదివాసులైన మావోరీలకి గొప్ప గౌరవ చిహ్నం, పెద్దలు తలలో ధరించేవారు. 1901లో బ్రిటన్ నుంచి వచ్చిన డ్యూక్ ఆఫ్ యార్క్‌కి కూడా మర్యాద చేసి ఒక ఈక ఇచ్చారు, ఆయన టోపీకి పెట్టుకున్నాడు. అంతే, అది ఫ్యాషన్ అయిపోయింది, అందరికీ ఆ ఈక కావాలి. అప్పటికే అడవులు నరకడం వల్ల, మ్యూజియంల కోసం, సంపన్నుల సేకరణల కోసం చంపడం వల్ల ఆ పిట్ట తగ్గిపోయి ఉంది. నమ్మకంగా చివరిసారి కనిపించింది 1907లో. ఆ డ్యూకే తర్వాత అయిదో జార్జ్ రాజయ్యాడు, 1933 నాటి ఆ ఆరు పెన్నీల నాణేనికి బొమ్మవైపు ఉన్నది ఆయనే, బొరుసువైపు హుయా! పిట్ట పోయిన పాతికేళ్ళకి ఇద్దరినీ ఒకే నాణెం మీద కలిపారు. 1965 దాకా హుయా నాణేలు వేస్తూనే ఉన్నారు, అంటే ఆ పిట్టని ఒక్కసారి కూడా చూడని పిల్లలు దాన్ని జేబులో వేసుకుని తిరిగారు.

1940లో పెన్నీ మీదకి కొవ్హాయ్ అనే పూలచెట్టు కొమ్మ మీద వాలిన టుయీ పిట్ట వచ్చింది. 1947 నుంచి వెండి పోయి రాగి, నికెల్ మిశ్రమం వచ్చింది.

అసలు గొడవ పౌండ్ నుంచి డాలర్‌కి మారేటప్పుడు జరిగింది. 1966లో కొత్త నాణేల కోసం గీసిన నమూనాలు పత్రికలకి లీకయ్యాయి, రగ్బీ ఆటగాడి బొమ్మ కూడా అందులో ఉంది, జనం మండిపడ్డారు. మళ్ళీ ఆలోచించి చివరికి జేమ్స్ బెర్రీ గీసినవి ఖాయం చేశారు. 1967 జులై 10న అవి చేతికొచ్చాయి: 1 సెంటు మీద ఫెర్న్ ఆకు, 2 సెంట్ల మీద కొవ్హాయ్ పూలు, 5 సెంట్ల మీద ట్వటారా, 20 సెంట్ల మీద కివి. ట్వటారా చూడ్డానికి తొండలా ఉంటుంది కానీ తొండ కాదు, డైనోసార్ల కాలం నాటి ఒక సరీసృప వర్గంలో మిగిలిన ఒకే ఒక్క జీవి.

తర్వాత ధరలు పెరిగాయి, చిన్న నాణేలకి విలువ లేకుండా పోయింది. 1990లో ఫెర్న్, కొవ్హాయ్ పోయాయి. 2006లో 5 సెంట్లు రద్దుచేశారు, దాంతో ట్వటారా కూడా వెళ్ళిపోయింది. కివి 1 డాలర్ మీద, కోటుకు అనే తెల్ల కొంగ 2 డాలర్ల మీద ఇప్పటికీ చలామణీలో ఉన్నాయి. మనకీ ఇలాంటిదే జరిగింది, ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టీలు పావలా గుర్తుందా? 2011 జూన్‌తో అదీ చెల్లకుండా పోయింది.

అందుకే కలెక్టర్ సెట్లు అందంగా ఉన్నా నాకు కొంచెం బాధగానే ఉంటుంది. కిరాణా కొట్టులో చిల్లరగా చేతిలో పడే జంతువుని పిల్లలు రోజూ చూస్తారు, పేరు అడుగుతారు. పెట్టెలో దాచినదాన్ని కొనగలిగినవాళ్ళే చూస్తారు. 5 సెంట్ల మీద నుంచి పోయిన ట్వటారా మరుసటి ఏడాదే, 2007లో, మళ్ళీ వచ్చింది. ఈసారి కలెక్టర్ల కోసం వేసిన 5 డాలర్ల నాణెం మీద.